పళ్లకు క్లిప్పుల చికిత్స: పరిశోధనలు ఏం తేల్చాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఎత్తు పళ్లు, వంకర పళ్లు, పన్ను మీద పన్ను రావడం, కింది పళ్లు పై పళ్లను దాటి ముందుకు రావడం వంటివాటికి ఆర్థోడాంటిస్టులు చేసే చికిత్స ఏడాదిన్నర నుంచి రెండేళ్ల దాకా పడుతుంది, ఖర్చూ తక్కువేమీ కాదు. అంత ఓపిక, అంత డబ్బు పెట్టే ముందు దానివల్ల ఏది ఒనగూరుతుందో, ఏది ఒనగూరదో తెలుసుకునే హక్కు ప్రతి కుటుంబానికీ ఉంది. ఈ చికిత్స మీద గత నలభై ఏళ్లలో మంచి పరిశోధనలే జరిగాయి. వాటి ఫలితాలు మాత్రం వైద్య పత్రికల్లోనే ఉండిపోతున్నాయి తప్ప, డాక్టరు ఎదుట కూర్చున్న తల్లిదండ్రుల దాకా రావడం లేదు. ఆ లోటు తీర్చడానికే ఈ ప్రశ్నలూ జవాబులూ.

ఈ చికిత్స పనిచేస్తుందని శాస్త్రీయంగా రుజువైందా?

పళ్లను వరుసలోకి తెస్తుందా అని అడిగితే, తెస్తుందన్నదే జవాబు. అందులో అనుమానం లేదు. పన్ను ఎముకలో దిగగొట్టిన మేకు లాంటిది కాదు. వేరుకూ ఎముకకూ మధ్య సన్నని నారపొర ఒకటి ఉంటుంది. తీగ ద్వారా పన్ను మీద తేలికపాటి ఒత్తిడి వారాల తరబడి పడితే, ఒత్తిడి పడిన వైపు ఎముక కరుగుతుంది, రెండో వైపు ఖాళీ అయిన చోట కొత్త ఎముక పేరుకుంటుంది. అలా పన్ను తన గూటితో సహా కొద్దికొద్దిగా జరుగుతుంది.

అయితే ప్రచారంలో ఉన్న మాటలు అక్కడితో ఆగవు. చిన్నప్పుడే మొదలుపెడితే దవడ పెరుగుతుందని, ఫలానా రకం క్లిప్పులైతే నెలలు కలిసొస్తాయని, వరుస కుదిరితే పళ్లు పుచ్చవని, దవడ కీలు నొప్పి పోతుందని చెబుతుంటారు. వీటిలో ఒక్కోదాన్నీ పరిశోధకులు విడివిడిగా పరీక్షించారు. కొన్ని నిలిచాయి, చాలావరకు నిలవలేదు. అందువల్ల ‘చికిత్స మంచిదేనా?’ అని అడగడం కంటే ‘ఈ బిడ్డకు, ఈ వయసులో, ఈ పరికరం దేనికోసం?’ అని అడిగితేనే పరిశోధనల నుంచి సూటి జవాబు దొరుకుతుంది.

చికిత్సకు ముందు, తర్వాత తీసిన ఫోటోలు చూపిస్తున్నారు. అవి సాక్ష్యం కావా?

అవి ఆ ఒక్కరికి ఏమైందో చెబుతాయి, చికిత్స వల్లే అయిందని చెప్పలేవు. పిల్లల ముఖం, దవడలు ఎలాగూ పెరుగుతూనే ఉంటాయి. పన్నెండేళ్ల పిల్లవాడికి పరికరం పెట్టి రెండేళ్ల తర్వాత చూస్తే, పరికరం చేసిన పని ఎంతో, వయసు చేసిన పని ఎంతో ఆ రెండు ఫోటోలను బట్టి ఎవరూ విడదీయలేరు. పైగా గోడకెక్కేవి బాగా కుదిరిన కేసులే.

ఈ చిక్కు విడదీయడానికే ట్రయల్స్ చేస్తారు. ఒకే రకం సమస్య ఉన్న పిల్లలను పోగుచేసి, చీటీ తీసినట్టుగా రెండు జట్లు చేసి, ఒక జట్టుకు చికిత్స ఇప్పుడే ఇచ్చి, రెండో జట్టును కొంతకాలం అలాగే గమనిస్తారు. ఎవరు ఏ జట్టులోకి వెళ్లాలో డాక్టరు ఇష్టానికి వదలకపోవడమే ఇందులోని బలం. ఇలాంటి ట్రయల్స్ అన్నిటినీ వెతికి, లోపాలు పరిశీలించి, కలిపి లెక్కవేసేవి సమీక్షలు. బ్రిటిష్ వైద్యుడు ఆర్చీ కాక్రేన్ పేరు మీద 1993లో మొదలైన కాక్రేన్ సంస్థ సమీక్షలకు ఈ రంగంలో ఎక్కువ విలువ ఉంది. కింది జవాబుల్లో ఆ పేరు పలుమార్లు వస్తుంది.

మా బాబుకు ఎనిమిదేళ్లు. పై పళ్లు బాగా ఎత్తుగా ఉన్నాయి. ఇప్పుడే మొదలుపెట్టాలా, పన్నెండు, పదమూడేళ్లు వచ్చేదాకా ఆగాలా?

ఆర్థోడాంటిక్స్‌లో అన్నిటికంటే శ్రద్ధగా పరీక్షించిన ప్రశ్న ఇదే. అమెరికాలో నార్త్ కరోలినా, ఫ్లోరిడా విశ్వవిద్యాలయాలు, బ్రిటన్‌లో పలు ఆసుపత్రులు కలిసి ఒక బృందం, ఇలా మూడు చోట్ల విడివిడిగా ట్రయల్స్ నడిచాయి. బ్రిటన్ ట్రయల్‌లో ఎనిమిది నుంచి పదేళ్ల మధ్య వయసున్న 174 మంది పిల్లలను తీసుకుని, సగం మందికి అప్పుడే ట్విన్ బ్లాక్ పెట్టారు. ట్విన్ బ్లాక్ అంటే పైన ఒకటి, కింద ఒకటి తగిలించే రెండు ప్లాస్టిక్ పలకలు; నోరు మూసినప్పుడు వాటి ఏటవాలు అంచులు ఒకదానిపై ఒకటి జారి కింది దవడను ముందుకు నిలబెడతాయి. మిగతా సగం మందిని టీనేజీ దాకా ఆపారు.

మొదటి పదిహేను నెలల్లో చిన్నప్పుడే చికిత్స పొందిన పిల్లల ఎత్తు పళ్లు చక్కగా లోపలికి వచ్చాయి, తోటివారు ఎగతాళి చేయడమూ తగ్గింది, తమ రూపం మీద వారి నమ్మకమూ పెరిగింది. అక్కడే ఆగి ఉంటే ఇది తిరుగులేని విజయంగా కనిపించేది. కానీ పరిశోధకులు ఆ పిల్లలను పదిహేనేళ్లు వచ్చేదాకా గమనించారు. అప్పటికి రెండో జట్టు కూడా మామూలు వయసులో చికిత్స పూర్తి చేసుకుంది. పళ్ల వరుసలోగానీ, దవడల తీరులోగానీ, ఆత్మవిశ్వాసంలోగానీ రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా మిగల్లేదు. చిన్నప్పుడు మొదలుపెట్టినవారు మాత్రం రెండు దఫాలుగా, ఎక్కువ కాలం, ఎక్కువసార్లు ఆసుపత్రికి తిరిగారు. అమెరికా ట్రయల్స్ ఫలితమూ దాదాపు ఇదే.

ఒక్క విషయంలో మాత్రం తొందరగా మొదలుపెట్టినవారికి మేలు జరిగింది. ఎత్తు పళ్లకు దెబ్బ తగిలే ముప్పు ఎక్కువ. బడిలో పరుగెత్తుతూ బోర్లా పడితే నేలకు ముందు తగిలేది ఆ రెండు పళ్లే. చిన్నప్పుడే చికిత్స పొందినవారిలో ఈ దెబ్బలు తగ్గాయని 2013లోనూ, 27 ట్రయల్స్‌లోని 1,251 మంది పిల్లల సమాచారంతో 2018లోనూ వచ్చిన కాక్రేన్ సమీక్షలు తేల్చాయి. 2013 నాటి లెక్క ప్రకారం పదిమంది పిల్లలకు ముందుగా చికిత్స చేస్తే ఒకరికి దెబ్బ తప్పుతుంది. ఆ పది అన్నది 5 కావచ్చు, 175 కూడా కావచ్చు; అంచనా అంత వెడల్పుగా ఉంది. కాబట్టి పెదవి మూసుకోనంత ఎత్తుగా పళ్లున్న, ఒక్కచోట నిలవని పిల్లవాడికీ, తోటివారి వెక్కిరింపులతో బడికి వెళ్లనని మొండికేస్తున్న పిల్లకీ ముందుగా చికిత్స చేయడంలో అర్థం ఉంది. మిగతావారి విషయంలో పాల పళ్లన్నీ ఊడేదాకా ఆగితే నష్టమేమీ లేదని నా నిశ్చితాభిప్రాయం. ‘ఇప్పుడు కాకపోతే ఇక కుదరదు’ అని మిమ్మల్ని తొందరపెడితే, ఈ ట్రయల్స్ సంగతి అడగండి.

ఆ పరికరాలు కింది దవడను పెంచుతాయని అంటారు కదా?

టీనేజీలో వాడినప్పుడు అవి ఎత్తు పళ్లను తగ్గిస్తాయన్నది నిజం. ఆ తగ్గుదలలో ఎక్కువ భాగం పై పళ్లు లోపలికి, కింది పళ్లు బయటికి వాలడం వల్ల వస్తుంది. దవడ ఎముకలో వచ్చే మార్పు కొద్దిగానే ఉంటుంది, ఆ కొద్దీ తర్వాతి ఏళ్లలో మిగతా పిల్లల పెరుగుదలతో సమానమైపోతుంది. ఫలితం మంచిదే, దానికి చెప్పే కారణమే అతిశయోక్తి.

మా పాపకు కింది పళ్లు ముందుకు, పై పళ్లు వెనక్కి ఉన్నాయి. దీనికి కూడా ఆగవచ్చా?

ఇక్కడ ఆగకూడదు. పై దవడ వెనకబడినందువల్ల వచ్చిన ఎదురు కాటుకు ఏడు నుంచి తొమ్మిదేళ్ల మధ్య ఫేస్ మాస్క్ అనే పరికరం వాడతారు. నుదుటికీ గడ్డానికీ ఆనుకునే చట్రం ముఖం ముందు ఉంటుంది. నోటిలో అతికించిన కొక్కేల నుంచి రబ్బరు బ్యాండ్లు పై దవడను ముందుకు లాగుతుంటాయి. రోజూ సాయంత్రం నుంచి తెల్లవారేదాకా పెట్టుకోవాలి. అది చూసి పిల్లలు భయపడతారు, తల్లిదండ్రులు జాలిపడతారు.

బ్రిటన్‌లో ఈ వయసు పిల్లలు 73 మందితో చేసిన ట్రయల్‌ను ఆరేళ్లపాటు కొనసాగించారు. ఆరేళ్ల తర్వాత చూస్తే, పెద్దయ్యాక దవడ ఆపరేషన్ అవసరమయ్యేలా ఉన్నవారు ఫేస్ మాస్క్ పెట్టినవారిలో నూటికి 36 మంది, పెట్టనివారిలో నూటికి 66 మంది. ఎముక కొలతల్లో తేడా అంతగా నిలవకపోయినా, ఆపరేషన్ అవసరం సగానికి దగ్గరగా తగ్గడం చిన్న సంగతి కాదు. ఎత్తు పళ్లకు ఆగవచ్చని, ఎదురు కాటుకు ఆగకూడదని చెప్పడం పరస్పర విరుద్ధంగా అనిపించవచ్చు గానీ, రెండు చోట్లా పిల్లలను ఏళ్ల తరబడి గమనించి తెలుసుకున్నదే చెబుతున్నాను. గడ్డాన్ని వెనక్కి లాగి కింది దవడ పెరుగుదలను ఆపే చిన్ కప్ మాత్రం అంత నమ్మదగ్గది కాదు. మొదట వచ్చిన మార్పు యుక్తవయసు పెరుగుదలలో నిలవలేదని జపాన్ పరిశోధకులు 1990లో చూపించారు.

దవడ పళ్లు ఒకవైపు లోపలికి కరుస్తున్నాయి. వెడల్పు చేయించాలా?

పై దవడ ఇరుకై, వెనక పళ్లు కింది పళ్ల లోపలికి కరుస్తూ, నోరు మూసేటప్పుడు గడ్డం పక్కకు జరుగుతుంటే, పాల పళ్లూ శాశ్వత దంతాలూ కలిసి ఉన్న వయసులోనే సరిచేయడానికి మంచి ఆధారాలు ఉన్నాయి. నోటిలో అతికించే క్వాడ్ హెలిక్స్ తీగ, తీసి పెట్టుకునే ప్లేటు కంటే ఎక్కువమందిలో పనిచేసిందని కాక్రేన్ సమీక్ష చెబుతోంది. కారణం ఊహించడం కష్టం కాదు: అతికించినదాన్ని పిల్లలు తీసి బడి సంచిలో పెట్టుకోలేరు.

పన్నెండేళ్లు దాటినా పై కోరపన్ను రాలేదు. పాల కోరపన్ను తీసేస్తే వస్తుందంటున్నారు, నిజమేనా?

చాలామందిలో వస్తుంది, ఎంతమందిలో అన్న లెక్క చూస్తే ట్రయల్ విలువ తెలుస్తుంది. అంగిలి వైపు దారి తప్పిన 46 కోరపళ్ల విషయంలో పాల పన్ను తీసేసి గమనించిన స్వీడన్ వైద్యులు, వాటిలో నూటికి 78 సరైన దారికి వచ్చాయని 1988లో ప్రకటించారు. ఆ తర్వాత పాతికేళ్లకు పైగా అందరూ ఆ అంకెనే చెప్పుకున్నారు. పోల్చడానికి రెండో జట్టు అందులో లేదు. 2015లో అదే దేశం నుంచి వచ్చిన ట్రయల్‌లో పాల పన్ను తీసిన చోట నూటికి 69, తీయని చోట నూటికి 39 కోరపళ్లు వాటంతట అవే దిగివచ్చాయి. అంటే పన్ను తీయడం మేలు చేసిన మాట నిజమే గానీ, ఏమీ చేయకపోయినా వచ్చేవి కూడా తక్కువేమీ కాదు.

తల్లిదండ్రులు చేయగలిగిన పని ఒకటుంది. పదేళ్ల వయసులో పై పెదవి ఎత్తి, పాల కోరపన్ను పైన చిగురు మీద వేలితో తడిమితే, లోపలి పన్ను గడ్డలా చేతికి తగలాలి. రెండువైపులా తగిలితే మంచిది. ఒకవైపు తగిలి రెండోవైపు తగలకపోతే డాక్టరుకు చూపించండి. దారి తప్పిన కోరపన్ను పక్క పళ్ల వేళ్లను కరిగించే ప్రమాదం ఉంది కాబట్టి దీన్ని తేలికగా తీసుకోవద్దు.

మంచి పళ్లు నాలుగు తీయించడం అవసరమా? ముఖం లోపలికి పోతుందని భయంగా ఉంది.

ఈ తగాదా వందేళ్లకు పైబడినది. పళ్ల వంకరలను 1899లో మూడు తరగతులుగా విభజించిన అమెరికా ఆర్థోడాంటిస్టు ఎడ్వర్డ్ యాంగిల్, ఏ పన్నూ తీయకుండానే అందరికీ సరిచేయాలని పట్టుబట్టారు. కాల్విన్ కేస్ అనే మరో వైద్యుడు ఆ వాదాన్ని 1911లో బహిరంగంగా ఎదిరించి ఓడిపోయారు. తర్వాత యాంగిల్ శిష్యుడు చార్లెస్ ట్వీడ్, తాను పళ్లు తీయకుండా సరిచేసిన కేసుల్లో చాలా మళ్లీ చెదిరిపోవడం చూసి, అదే రోగులకు పళ్లు తీసి మళ్లీ చికిత్స చేశారు. గురువు మాటను కాదని తన తప్పులను తానే వరుసగా పేర్చి చూపించిన ఆ వైద్యుడంటే నాకు గౌరవం.

ముఖం సంగతికి వస్తే, 1998లో ఒక అధ్యయనంలో చికిత్స పూర్తయినవారి ముఖాలను దంతవైద్యులకు, ఆర్థోడాంటిస్టులకు చూపించి, ఎవరికి పళ్లు తీశారో చెప్పమన్నారు. వారు సరిగ్గా చెప్పగలిగింది దాదాపు సగం సార్లే, అంటే బొమ్మా బొరుసూ వేసి చెప్పినట్టే. పళ్లు తీస్తే పెదవులు సగటున కొద్దిగా వెనక్కి వస్తాయి. మన దక్షిణాదిలో తరచుగా కనిపించే, పై కింది పళ్లు రెండూ పెదవులను ముందుకు నెట్టే ముఖాలకు ఆ మార్పే కావాలి. ఇప్పటికే పెదవులు పల్చగా, లోపలికి ఉన్నవారికి అది వద్దు. నిర్ణయం ముఖాన్ని బట్టి ఉండాలి తప్ప, ‘మేం ఎవరికీ పన్ను తీయం’ అనే ప్రకటనను బట్టి ఉండకూడదు. పళ్లు తీస్తే శ్వాసనాళం ఇరుకై నిద్రలో ఊపిరి ఆగుతుందన్న ప్రచారానికి ఆధారం లేదని అమెరికా ఆర్థోడాంటిస్టుల సంఘం 2019లో పరిశోధనలన్నీ పరిశీలించి ప్రకటించింది.

కనిపించని అలైనర్లు క్లిప్పులంత బాగా పనిచేస్తాయా?

అలైనర్లు అంటే పళ్ల మీద తొడిగే, తీసి పెట్టుకోగల పారదర్శక ప్లాస్టిక్ తొడుగులు; సెట్టులో ఒకదాని తర్వాత ఒకటి మారుస్తూ పళ్లను జరుపుతారు. తేలికపాటి వంకరకూ, పళ్ల మధ్య సందులకూ చక్కగా పనిచేస్తాయి. బ్రష్ చేసుకోవడానికి, తినడానికి తీసేయవచ్చు కాబట్టి చిగుళ్లకు మేలు. పన్నును గుండ్రంగా తిప్పడం, పైకీ కిందికీ జరపడం, వేరును నిలువుగా నిలబెట్టడం వంటివి మాత్రం వాటికి కష్టం.

కంప్యూటర్ తెర మీద పళ్లు ఒక్కొక్కటీ కదిలి వరుసలోకి వచ్చే చిత్రం మీకు చూపిస్తారు. ఆ చిత్రంలో చూపిన కదలికలో నిజంగా నోట్లో జరిగింది ఎంతని కొలిస్తే, 2009లో సగటున నూటికి 41 పాళ్లు వచ్చింది. అదే ప్రశ్నతో కొత్త అలైనర్ల మీద 2020లో మళ్లీ కొలిస్తే నూటికి 50 పాళ్లకు పెరిగింది. మెరుగుపడిన మాట వాస్తవం, అయినా సగమే. మొదటి సెట్టు అయిపోయాక రెండోసారి, మూడోసారి కొలతలు తీసి కొత్త సెట్లు ఇవ్వడానికి కారణం ఇదే. ఆ అదనపు సెట్లకు వేరే డబ్బు కట్టాలా అన్నది ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. చికిత్స ముగిశాక పళ్ల కుదురును కొలిచిన సమీక్షలో క్లిప్పులదే పైచేయి అయింది. రోజుకు 20 నుంచి 22 గంటలు పెట్టుకోలేనివారికి ఈ పద్ధతి వద్దనే చెబుతాను. ఒక్కసారి కూడా ఎక్స్‌రే తీయకుండా, చిగుళ్లు చూడకుండా, ఇంటికి కొరియర్‌లో పంపే అలైనర్ల జోలికి వెళ్లవద్దు. చిగుళ్ల వ్యాధి ఉన్న పన్నును కదిపితే అది ఊడిపోయే దాకా వస్తుంది.

కొన్ని క్లిప్పులతో, వైబ్రేషన్ పరికరాలతో సగం సమయంలో పూర్తవుతుందంటున్నారు. నిజమేనా?

కాదు. రబ్బరు రింగులు అవసరం లేకుండా తలుపు మూసుకునే సెల్ఫ్ లైగేటింగ్ క్లిప్పుల మీద ఎన్నో ట్రయల్స్ వచ్చాయి. మొత్తం చికిత్స కాలం తగ్గలేదు. తీగ మార్చేటప్పుడు ఒక్కో దవడకు సుమారు 20 సెకన్లు కలిసొచ్చాయి, అదీ డాక్టరుకు. రోజూ ఇరవై నిమిషాలు నోట్లో పెట్టుకునే కంపించే పరికరాన్ని బ్రిటన్‌లో 81 మందితో పరీక్షించిన ట్రయల్ 2015లో వచ్చింది. నిజం పరికరం, పనిచేయని నకిలీ పరికరం, ఏదీ లేకపోవడం, మూడింటిలోనూ పళ్లు ఒకే వేగంతో కదిలాయి. మొదట్లో వేసే తీగల్లో ఫలానాది మిగతావాటికంటే మెరుగని కూడా కాక్రేన్ సమీక్షకు ఆధారం దొరకలేదు.

మామూలు క్లిప్పుల చికిత్సకు సగటున 19.9 నెలలు, దాదాపు 18 సార్లు రావడం అవసరమవుతాయని 2016లో వచ్చిన ఒక సమీక్ష లెక్కగట్టింది. ఆ కాలాన్ని పొడిగించేవి ఊడిపోయే క్లిప్పులు, తప్పిపోయే అపాయింట్‌మెంట్లు. సంక్రాంతి, దసరా సెలవుల తర్వాత వారంలో వచ్చే పిల్లల నోళ్లు చూస్తే ఇది కళ్లకు కడుతుంది: గట్టి జంతిక ముక్క కింది దవడ పన్ను మీది క్లిప్పును లేపేస్తుంది, తీగ చివర బుగ్గకు గుచ్చుకుంటూ ఉంటుంది, పన్ను నెల కిందటి చోటికి తిరిగిపోతుంది. పల్లీ చిక్కీ, చెరుకు గడ, మామిడి టెంక, జామకాయను ముందు పళ్లతో కొరకడం, వీటిని మానుకుంటే ఏ పరికరమూ కలిసొచ్చేలా చేయలేనన్ని రోజులు కలిసొస్తాయి. జామకాయను ముక్కలుగా కోసి తినవచ్చు.

క్లిప్పులు తీసేశాక రిటైనర్ ఎంతకాలం పెట్టుకోవాలి? పెట్టుకోకపోతే ఏమవుతుంది?

ఈ పేజీలో ఒక్క జవాబే చదవగలిగితే ఇది చదవండి. రిటైనర్ అంటే సరిచేసిన పళ్లు మళ్లీ కదలకుండా నిలబెట్టే పరికరం. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ లిటిల్, ఆయన సహచరులు చికిత్స పూర్తయినవారిని ఏళ్ల తర్వాత మళ్లీ పిలిపించి, పళ్ల అచ్చులు తీసి కొలిచారు. పళ్లు తీసి చికిత్స చేసిన 65 మంది గురించి 1981లో రాశారు: రిటైనర్ మానేసి కనీసం పదేళ్లు గడిచేసరికి, మూడింట రెండు వంతుల మందిలో కింది ముందు పళ్లు మళ్లీ వంకరపోయాయి. అదే తరహా రోగులను ఇరవై ఏళ్ల దాకా గమనించి 1988లో రాసినప్పుడు, కింది పళ్లు బాగున్నాయనదగ్గవారు నూటికి పదిమందే మిగిలారు. ఎవరి పళ్లు నిలుస్తాయో, ఎవరివి చెదురుతాయో ముందుగా పసిగట్టే గుర్తు కోసం వారు ఎంత వెతికినా దొరకలేదు. తమ విశ్వవిద్యాలయంలో జరిగిన చికిత్సల ఫలితాలను దాచకుండా బయటపెట్టిన పని అది.

దీనికి కారణాలు రెండు. జరిపిన పన్ను చుట్టూ సాగిన చిగురు నారలు కొత్త చోటికి సర్దుకోవడానికి నెలలు పడుతుంది, పై అంచున ఉండే సాగే నారలకు ఏడాది కూడా చాలకపోవచ్చు. అంతవరకూ అవి పన్నును పాత చోటికి లాగుతూనే ఉంటాయి. రెండోది వయసు: క్లిప్పులు అసలే వేయించుకోనివారి కింది పళ్లు కూడా ముప్పై, నలభై ఏళ్లలో కొద్దికొద్దిగా ఇరుకవుతాయి.

ఏ రిటైనర్ మంచిదన్న ప్రశ్నకు, 47 అధ్యయనాలు, 4,377 మందితో 2023లో వచ్చిన కాక్రేన్ సమీక్ష కూడా ఒకదానికి ఓటు వేయలేదు. పళ్ల వెనక అతికించే తీగ పెట్టుకోవడం మరిచిపోయే అవకాశం లేనిది, కానీ దాని చుట్టూ గార పట్టకుండా శుభ్రం చేసుకోవాలి, తెగిందేమో చూసుకుంటుండాలి. తీసి పెట్టుకునే పారదర్శక రిటైనర్‌ను రాత్రిపూట మాత్రమే వాడినా, రోజంతా వాడినంత ఫలితం ఉంటుందని ఒకటికి మించి ట్రయల్స్ చూపాయి. ఇది పిల్లలకు చెప్పదగ్గ మంచి వార్త. రిటైనర్లు పోయేది దాదాపు ఒకే తీరుగా: హాస్టల్ మెస్‌లో భోజనానికి ముందు తీసి కాగితంలో చుట్టి పళ్లెం పక్కన పెడతారు, కాగితంతో పాటు అదీ చెత్తబుట్టలోకి పోతుంది. డబ్బా లేకుండా నోట్లోంచి తీయకూడదన్న నియమం మొదటి రోజే పెట్టండి. వేడినీళ్లతో కడగవద్దు, వంగిపోతుంది. పళ్లు సరిగ్గా ఉండాలని కోరుకున్నంతకాలం వారానికి కొన్ని రాత్రులైనా పెట్టుకోవాలన్నదే నిజాయితీ గల జవాబు.

జ్ఞానదంతం నెట్టడం వల్లే ముందు పళ్లు వంకరపోయాయంటున్నారు. తీయించాలా?

అందుకోసమైతే అక్కర్లేదు. బ్రిటన్‌లో జ్ఞానదంతాలు తీసినవారినీ, ఉంచినవారినీ సగటున ఐదున్నరేళ్లు పోల్చిన ట్రయల్ 1998లో వచ్చింది. ముందు పళ్ల ఇరుకులో చెప్పుకోదగ్గ తేడా లేదు. నొప్పి, చీము, పిప్పి ఉంటే తీయించడం వేరే మాట.

పళ్ల వరుస కుదిరితే పిప్పి, చిగుళ్ల వ్యాధి, దవడ కీలు నొప్పి రాకుండా ఉంటాయా?

అలాంటి మేలు ఉందని చెప్పదగ్గ ఆధారం పరిశోధనల్లో కనిపించలేదు. చిగుళ్ల ఆరోగ్యం మీద 2008లో వచ్చిన సమీక్షకు, చికిత్స వల్ల చిగుళ్లు మెరుగవుతాయని నమ్మదగ్గ ఆధారం దొరకలేదు. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో పదమూడేళ్ల పిల్లలను ముప్పై ఏళ్లు వచ్చేదాకా గమనించిన అధ్యయనంలో, క్లిప్పులు వేయించుకున్నవారికి పిప్పి పళ్లు తగ్గలేదు. వరుసగా ఉన్న పళ్లయినా, వంకర పళ్లయినా, బ్రష్ పట్టుకునే చెయ్యే వాటిని కాపాడుతుంది. దవడ కీలు విషయంలో, పళ్లు తీసి చికిత్స చేయడం వల్లే కీలు నొప్పి వచ్చిందని అమెరికాలోని మిచిగన్‌లో 1987లో ఒక రోగి కేసు గెలవడంతో దీని మీద పెద్దఎత్తున పరిశోధన జరిగింది. ఈ చికిత్స ఆ నొప్పిని తేదు, మాన్పదు అన్నదే వాటన్నిటి సారం.

మరి ఆత్మవిశ్వాసం పెరుగుతుందన్న మాటైనా నిజమేనా?

వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో 1981లో పదకొండు, పన్నెండేళ్ల పిల్లలు వెయ్యిమందికి పైగా పేర్లు రాసుకుని, వారికి ముప్పై ఒకటి వచ్చాక 337 మందిని మళ్లీ పరీక్షించారు. చికిత్స పొందినవారి పళ్లు చక్కగా ఉన్నాయి, వాటి పట్ల వారికి సంతృప్తీ ఉంది. చికిత్స అవసరమై కూడా పొందనివారు మాత్రం మానసికంగా వెనకబడలేదు. కాబట్టి పెళ్లి కుదరదని, ఉద్యోగం రాదని భయపెట్టి పిల్లను క్లిప్పుల కుర్చీలో కూర్చోబెట్టడం అన్యాయం. తన నవ్వు తనకు నచ్చక చెయ్యి అడ్డం పెట్టుకునే పిల్ల, తానే అడిగితే, ఆ కోరికే చాలిన కారణం. దానికి రోగం పేరు తగిలించాల్సిన అవసరం లేదు.

నష్టాలు ఏమిటి?

మొదటిది తెల్లమచ్చలు. క్లిప్పు చుట్టూ పాచి నిలిచితే ఎనామిల్ కరిగి సున్నం చుక్కల్లాంటి మచ్చలు ఏర్పడతాయి. క్లిప్పులు తీసిన రోజున సంతోషంగా అద్దం చూసుకునేవారికి ముందుగా కనిపించేవి అవే. ఫ్లోరైడ్ పేస్టుతో రోజూ రెండుసార్లు తోమడం కనీస జాగ్రత్త. ఫ్లోరైడ్ ఎక్కువ మోతాదులో ఉన్న పేస్టూ, ఫ్లోరైడ్ నురుగూ ఈ మచ్చలను తగ్గించాయని ఒక్కో ట్రయల్ చూపింది, ఆధారం ఇంకా పల్చగానే ఉంది. రెండోది వేరు పొట్టిబడడం. కొద్దిపాటిగా చాలామందిలో ఉంటుంది, ఇబ్బంది పెట్టేంతగా నూటికి ఒకరి నుంచి ఐదుగురిలో కనిపిస్తుంది. బలమైన ఒత్తిడి వాడితే ఎక్కువవుతుంది. మూడోది నొప్పి. తీగ వేసిన మర్నాడు హెచ్చుగా ఉండి వారంలో తగ్గిపోతుంది. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ రెండూ పనిచేస్తాయి, వాటిలో ఒకటి మేలని తేలలేదు. పెరుగన్నం తినగలిగితే మొదటి మూడు రోజులు గడిచినట్టే.

మాది ఫ్లోరైడ్ ప్రాంతం, పళ్ల మీద గోధుమరంగు చారలున్నాయి. క్లిప్పులు నిలుస్తాయా?

మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట వర్ణించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోని, నేటి ప్రకాశం ప్రాంతపు పల్లెల్లోనే. నల్గొండ సంగతి అందరికీ తెలిసిందే. అక్కడివారికి ఈ ప్రశ్న ముఖ్యమైనది. మచ్చలు తేలికగా ఉంటే క్లిప్పు అతుక్కోవడంలో పెద్ద తేడా ఉండదు. ఎనామిల్ గుంటలు పడి పెచ్చులూడేంత తీవ్రంగా ఉంటే పట్టు తగ్గుతుందని ల్యాబ్ పరీక్షలు చెబుతున్నాయి. అలాంటప్పుడు పైపొరను సన్నగా అరగదీయడం, యాసిడ్ జెల్‌ను ఎక్కువసేపు ఉంచడం వంటి పద్ధతులు ఉన్నాయి. మీ ఊరి పేరు, చిన్నప్పుడు తాగిన నీరు ఏదో డాక్టరుకు మొదటే చెప్పండి. చికిత్స మానుకోవాల్సిన పని లేదు, క్లిప్పులు ఊడి ఒకటి రెండుసార్లు ఎక్కువ తిరగాల్సి రావచ్చు.

పెద్దవయసులో వేయించుకోవచ్చా?

వేయించుకోవచ్చు. పన్ను కదలడానికి వయసు అడ్డు కాదు, చిగుళ్ల వ్యాధి అడ్డు. ముందు దాన్ని నయం చేసుకోవాలి. దవడ ఎముకల తేడా ఎక్కువగా ఉంటే పెద్దవారికి ఆపరేషన్ తప్ప వేరే దారి ఉండదు.

క్లినిక్‌లో ఏమేం అడగాలి?

చికిత్స చేసేవారు బీడీఎస్ తర్వాత ఆర్థోడాంటిక్స్‌లో మూడేళ్ల ఎండీఎస్ చేశారా అని అడగండి. ఇందులో మొహమాటపడాల్సింది లేదు. ఏమీ చేయకపోతే ఏమవుతుందని అడగండి, ఎందుకంటే ట్రయల్‌లోని రెండో జట్టు మనకు చెప్పేది అదే. ఇప్పుడే మొదలుపెట్టాలంటే, రెండేళ్లు ఆగితే పోయేదేమిటో చెప్పమనండి. రెండు దఫాల చికిత్స అయితే రెండింటి ఖర్చూ కలిపి చెప్పమనండి. రిటైనర్ ధర మొదటి అంచనాలోనే ఉందా, పోతే కొత్తది ఎంతో తెలుసుకోండి. పళ్ల అచ్చులు, ఎక్స్‌రేలు, ఫోటోల ప్రతులు మీ దగ్గర ఉంచుకోండి. చదువు కోసమో, ఉద్యోగం కోసమో మధ్యలో ఊరు మారాల్సి వస్తే, కొత్త డాక్టరు పని అందుకోవడానికి ముందుగా అడిగేవి అవే.